టబ్బు బాబాయి

మా బాబాయి దగ్గరికి ఎవరు ఏ బాధతో వెళ్లినా ఒక్కటే మాట అంటాడు: "ముందు కాళ్లు నీళ్లలో పెట్టు."

తలనొప్పికీ అదే, పంటినొప్పికీ అదే. ముప్పై ఎనిమిదేళ్లు ఉత్తరాలు పంచుతూ నడిచినవాడు. మనిషి కష్టాలన్నీ చివరికి అరికాళ్లలోకి దిగుతాయని ఆయన నమ్మకం. రిటైరైన మర్నాడే, నేను నర్సుగా పనిచేసే తాగుడు మాన్పించే కేంద్రానికి ఒక ప్లాస్టిక్ టబ్బు, రాళ్లుప్పు డబ్బా పట్టుకుని వచ్చేశాడు. జీతం అడగలేదు. వేడినీళ్లు మాత్రం రోజుకు పదిసార్లు అడిగేవాడు.

మా కేంద్రంలో మందులతో పాటు పొద్దున ఆసనాలు, మధ్యాహ్నం ధ్యానం ఉండేవి. ధ్యానంలో సగంమంది గురకపెట్టేవారు. మిగతా వేళలన్నీ టబ్బువే.

"బాబాయిగారూ, ఇక్కడ వైద్యం నేను చేస్తున్నానా, మీరా?" అని డాక్టరుగారు ఒకరోజు అడిగారు.

"మీరే బాబూ. మాత్ర నోటికి, నీళ్లు కాళ్లకి. మనకి తగాదా ఎక్కడుంది? ఏదీ, బూట్లు విప్పండి."

డాక్టరుగారు విప్పారు. తనిఖీకి వచ్చిన అధికారీ విప్పాడు. టబ్బులో కాళ్లు పెట్టుకునే సంతకాలు చేస్తూ, ఆఖరి కాగితం దగ్గర కునికిపాట్లు పడ్డాడు.

ఆ నెలలో ఒక ప్లంబరు చేరాడు. "ఆదివారం పిల్లను తీసుకుని వస్తా. అప్పటికి నువ్విక్కడ ఉంటే మాట్లాడుకుందాం. లేకపోతే నీ దారి నీది" అని అతని భార్య ఖరాఖండిగా చెప్పి వెళ్లింది. శుక్రవారం మధ్యాహ్నం అతను సంచి సర్దేశాడు. చేతులు వణుకుతున్నాయి, చూపంతా గేటు మీదే. ఎవరినీ బలవంతాన ఆపకూడదని మా నియమం. డాక్టరుగారికి కబురు పంపి, దేవుణ్ణి తలుచుకుంటూ నిలబడ్డాను.

బాబాయి టబ్బుతో ఎదురొచ్చాడు.

"అడ్డు లే పెద్దాయనా, నేను పోతున్నా."

"పో నాయనా, ఎవరొద్దన్నారు? కాళ్లు తడుపుకుని పో."

"నువ్వూ నీ టబ్బూ!"

"అవునయ్యా, నీళ్లు చల్లారిపోతున్నాయి. కూర్చో."

విసుక్కుంటూనే కూర్చున్నాడు. బాబాయి కింద చతికిలబడి అతని పాదాలు రుద్దుతూ, "వంటగది కుళాయి కారుతోంది. గుడ్డ చుడతాలే, ఆగిపోతుంది" అన్నాడు.

ప్లంబరు ఉలిక్కిపడ్డాడు. "గుడ్డా? వాషరు పోయుంటుంది!"

"రెండు గుడ్డలు చుడితే?"

"నీకు దండం పెడతా, దాని జోలికి పోకు!"

ఆపైన ముప్పావుగంట పాఠం. వాషరు ఎలా అరుగుతుంది, మర ఎలా చెడుతుంది అంటూ. వణుకు పూర్తిగా పోలేదు గానీ, అతను లేచి వెళ్లింది వంటగదికి.

"బాబాయ్, పొద్దున ఆ కుళాయి బాగానే ఉందిగా?" అన్నాను.

"ఉంది. స్పానరు నా దగ్గరా ఉందమ్మా."

అప్పుడు గుర్తొచ్చింది. క్రితం నెల దర్జీని చొక్కా కుట్టు గురించీ, లారీ డ్రైవర్ని ఘాట్‌రోడ్డు మలుపుల గురించీ ఇలాగే అడిగాడు.

"మరి ఆ నీళ్లలో మహిమ ఏమిటి?"

"ఏముంటుంది? తాగాలన్న ఊపు కాసేపు ఓర్చుకుంటే తగ్గుతుందని డాక్టరుగారే అన్నారు. కాళ్లు తడిసినవాడు చప్పున లేచిపోడు. ఇక్కడికొచ్చినవాణ్ణి అందరూ ఎంత తాగావనే అడుగుతారు. నీకేం పని వచ్చని ఒక్కరైనా అడగొద్దూ?"

ఆదివారం భార్యా కూతురూ వచ్చేసరికి, ప్లంబరు వంటగదిలో ఈసారి సింకు కింద దూరి ఉన్నాడు. రెండు పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

"అమ్మా, నాన్న!" అంది పిల్ల.

"మీ నాన్నకి ఇంత శుభ్రమైన కాళ్లు ఎక్కడివే?"

"నేనేనే!" అంది సింకు. "ఆ స్పానరు ఇలా అందించు."

పిల్ల అందించింది. భార్య చేతిలో సంచి కింద పెట్టి, బల్ల మీద కూర్చుంది.