మేడమ్ మిడతలకు కట్టించిన చీకటి

మా మేడమ్ పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. జువాలజీలో నా పరిశోధనకు గైడు ఆవిడ. ఫోన్ పెట్టేశాక ఏడుపు రాలేదు, ఒక మిడత గుర్తొచ్చింది. ఇదేం మనిషినో నేను.

తొంభైల మొదట్లో, జూబ్లీహిల్స్‌లోని ఆవిడ ఇంటి వెనక గదిలో గాజు సీసాల్లో మిడతలు పెంచేవాళ్లం. మిడత మెదడులో కొన్ని నాడీకణాలు హార్మోన్ తయారుచేస్తాయి. అది అందితేనే ఆడదాని కడుపులో గుడ్లు ఎదుగుతాయి. చలికాలం పగలు తగ్గగానే మా రకం మిడతల్లో ఆ కణాలు పని ఆపేస్తాయని చూపించడమే నా థీసిస్. ఆ డిసెంబరులో మాత్రం అన్నీ నిక్షేపంగా గుడ్లు పెట్టేశాయి. నాకు మతిపోయింది. వేసవికల్లా ఫెలోషిప్ ఆగిపోతుంది. ఈలోగా థీసిస్ తేలకపోతే రహమత్ నగర్‌లో గది ఖాళీ చేసి, నాయిన దుకాణంలో కూర్చోవాల్సిందే.

పక్క బంగళాలో రాత్రి షూటింగులు జరిగేవి. ఆ లైట్లు మా కిటికీలోంచి సీసాల మీద పడుతున్నాయని మేడమ్ కనిపెట్టారు. నన్ను వెంటబెట్టుకుని తిన్నగా అక్కడికే వెళ్లారు. ప్రొడక్షన్ మేనేజర్ ఆవిడ నెరిసిన ముడి చూసి, "తల్లి వేషమాండీ? ఫొటో తెచ్చారా?" అన్నాడు.

"కాదండీ. మీ లైట్లకి మా మిడతలు గుడ్లు పెట్టేస్తున్నాయి."

"మరి... పెట్టకూడదాండీ?"

పాపం, ఆయనకేం అర్థమైందో గానీ, మర్నాడు లైట్‌బాయ్‌లను పంపాడు. పగటిపూట రాత్రి సీను తీయడానికి కట్టే నల్లగుడ్డను మా కిటికీకి బిగించి వెళ్లారు. కొత్త మిడతలను తెచ్చిపెట్టాం. ఈసారి గుడ్లు ఆగాయి, ఒక్కదానికి తప్ప.

"మేడమ్, గిదేంది? దీన్ని తీసేద్దామా?" అన్నాను.

"నాకూ తీసేయాలనే ఉందయ్యా. కానీ అది పెట్టేస్తోంది కదా!"

"ఎందుకు పెడుతున్నది మేడమ్?"

"నాకేం తెలుసు?"

ఆ మాట అంత సంతోషంగా అన్న గురువును నేను మళ్లీ చూడలేదు. ఆ మిడతను థీసిస్‌లో ఉంచాకే సంతకం పెట్టారు. దాని కారణం వెతకడంలో ఏడాది ఆలస్యమైంది. ఫెలోషిప్ లేని ఆ ఏడాదంతా మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లోనే. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా, "ఏమైనా తట్టిందా మేడమ్?" అంటే, "లేదయ్యా. నీకు?" అనేవారు.

నాకింకా తట్టలేదు. తట్టినా ఇక ఎవరితో చెప్పుకోవాలో తెలియడం లేదు. కళ్లు మూసుకుంటే ఆ వెనక గదే కనిపిస్తోంది. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, గడ్డం బల్లకి ఆనించి ఆవిడ సీసాలోకి చూస్తున్నారు. లోపల ఆ మిడత పొట్ట కొసను ఇసుకలోకి దించి ఉంది. నేను దగ్గరికి వెళ్లబోతే, వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తారు.

"కదలకయ్యా. ఇంకా పెడుతోంది."