కొత్త డబ్బాలో పాత నూనె

"వదినా, నువ్వయినా ఒక్క మాట చెప్పు."

"నాకేం తెలుసు. నేను వంటింట్లో ఉన్నాను."

మా మరిదికీ నాకూ మధ్య ఆఖరి మాటలివి. తొమ్మిదేళ్లయింది. నేనన్న ఆ ముక్క రోజూ నాతోపాటే లేస్తోంది, నాతోపాటే పడుకుంటోంది. మీరెవరో నాకు తెలియదు. ఎవరో ఒకరు చదువుతారనే చెబుతున్నాను. నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది మా మరిది కూతురు. కావాలనే దాన్ని కూర్చోబెట్టాను. ఇంకెవరిచేత రాయించినా చివర్లో చింపేద్దునేమో.

మా ఆయన తిరువూరు నుంచి బెజవాడకి టాక్సీ తోలేవాడు. పాత కారు. ఎన్ని వేల మైళ్లు తిరిగిందో చెప్పే మీటరు కూడా ఎప్పుడో ఆగిపోయింది. గేరు మారిస్తే గుర్రుమనేది. మా మరిది మెకానిక్కు. గేరు పెట్టెలో నూనె మార్చక ఏళ్లయింది, ఇంకా ఊరుకుంటే లోపల పళ్లు అరిగిపోతాయని వెంటపడ్డాడు. మా ఆయనకి భయం. ముసలి బండికి కొత్త నూనె పడదు, కదిలిస్తే ఉన్నదీ పోతుందనేవాడు. చివరికి తమ్ముడి మాట కాదనలేకపోయాడు.

ఆ రోజు మా ఆయన ఇంట్లో లేడు. మరిది పొద్దున్నే పెరట్లో కారు కిందికి దూరి గేరు పెట్టె బిరడా విప్పాడు. పాత నూనె కాటుకలా బేసిన్లోకి దిగింది. చుక్క మిగలకుండా కారాలని అలాగే వదిలేసి, కొత్త నూనె డబ్బా నాకు అప్పజెప్పి, షెడ్డుకి వెళ్లాడు.

అప్పుడొచ్చాడు మా తమ్ముడు, ఎడ్లబండి తోలుకుని. గంపలగూడెంలో పెళ్లిచూపులకి వెళ్తున్నాడు. ఇరుసు ఎండిపోయి బండి కీచుకీచుమని ఒకటే గోల.

"అక్కా, ఈ అరుపు వింటే ఆ పిల్ల గదిలోంచి బయటికి రాదే. ఇరుసుకి పూయడానికి కాస్త కందెన ఉంటే పెట్టు."

కందెన లేదు. డబ్బా ఉంది. మూత తీశాను. తేనెలా చిక్కగా ఉంది. ఇరుసుకి రెండు పక్కలా పూశాడు. దారిలో మళ్లీ ఎండిపోతుందేమోనని చెంబు నిండా పోసిచ్చాను. బండి చప్పుడు లేకుండా మలుపు తిరిగింది. సంతోషపడ్డాను కూడా. వెనక్కి వచ్చి డబ్బా ఎత్తి చూస్తే సగం ఖాళీ.

ఏం చేశాను? వంటింట్లో చేసేదే చేశాను. గారెలు వేయించిన నూనె వడగట్టి మళ్లీ వాడమా? బేసిన్లోంచి కాస్త నూనె తీసి, పాత చీర ముక్కలో డబ్బాలోకి వడగట్టాను. గుడ్డ మీద ఇనుప రజను మిలమిల మెరిసింది. మురికి పోయిందనుకున్నాను. అది గేరు పళ్లు అరిగిన పొడి అని నాకప్పుడు తెలియదు, అది నిజం. ఎవరికీ కనపడకుండా కారు చాటున కూర్చుని వడగట్టాను, అదీ నిజమే. తెలియనిదానివి ఎందుకు దాక్కున్నావే అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ఇంకా వెలితిగా ఉంటే ఆముదం పోసి నింపాను. ఎడ్లబండికి పడేది కారుకి పడదా అనుకున్నాను.

మరిది వచ్చి బిరడా బిగించి, ఎక్కడా కారకుండా చూడటానికి కారు కిందే పడుకున్నాడు. నూనె పోసే చిల్లు కారు లోపల, కాళ్ల దగ్గర ఉంటుంది. "పొయ్యి వదినా," అన్నాడు. గరాటు పెట్టి పోశాను. రంగు అతనికి కనపడలేదు.

నాలుగో రోజు మైలవరం దాటాక గేరు పట్టేసింది. లారీకి కట్టి లాక్కొచ్చారు. పెట్టె విప్పితే విరిగిన పళ్లు, నల్లటి మడ్డి. మా ఆయన వేలు ముంచి వాసన చూశాడు.

"ఆముదం! కొత్త నూనె అమ్ముకుని నా పొట్ట కొట్టావు కదరా!"

ఆముదం అనగానే మరిది తల తిప్పి నా వంక చూశాడు. అతనికి అప్పుడే తెలిసిపోయింది. తెలిసి కూడా నా పేరు ఎత్తలేదు. ఒక్క మాట చెప్పమన్నాడు. నేనేమన్నానో పైనే రాయించాను.

ఎందుకన్నాను? కొడతాడనా? కొట్టేవాడే. పుట్టింటికి దోచిపెట్టానని జన్మంతా అనేవాడే. అప్పుడే తాంబూలాలు పుచ్చుకున్న మా తమ్ముడి పేరు రచ్చకెక్కేది. ఇవి కారణాలా, సాకులా? ఆ మాట అన్నాక తలుపు మూసుకుపోయింది. రేపు చెబుదామనుకుంటే, నిన్నెందుకు చెప్పలేదంటారు. ఆ రేపూ అంతే.

టాక్సీ స్టాండులో డ్రైవర్లు అతనికి ఆముదం మేస్త్రి అని పేరు పెట్టారు. "ఏం మేస్త్రీ, ఇవాళ ఏ బండికి విరేచనాలు?" అని నవ్వేవాళ్లు. ఎవరూ బండి ఇవ్వలేదు. బెజవాడ వెళ్లి రిక్షా తొక్కుతున్నాడు. కారు మా పెరట్లోనే తుప్పు పట్టింది. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టేవి. వాటికోసం రోజూ లోపలికి వంగేదాన్ని. రోజూ ఆ చిల్లు కనపడేది.

మా ఆయన తమ్ముణ్ణి దొంగ అనుకునే పోయాడు. పోయే ముందు మూడు రోజులు ఆయనకి తెలివి ఉంది. మూడు రోజులూ కాళ్లు పడుతూ కూర్చున్నాను. నోరు తెరవలేదు. దినానికి మరిది రాలేదు. పెద్దమ్మకి తోడుండమని ఈ పిల్లని పంపాడు.

రాయడం ఆపావేం తల్లీ? చెయ్యి నొప్పి కాదని నాకు తెలుసు. క్షమించమని అడగను. అడిగితే నా బరువు నీ నెత్తిన పెట్టినట్టే. దీన్ని మీ నాన్నకి ఇస్తావో, స్టాండులో నిలబడి చదువుతావో నీ ఇష్టం. నా గొంతులోంచి బయటికొచ్చింది, నాకంతే చాలు.

ఆ కళ్లు తుడుచుకో. ఇప్పుడు మొదట్నుంచి చదువు, వింటాను. వంటింట్లో ఉన్నానన్న చోట తొందరపడకు.