రాణి వేషానికి రెండు వాటాలు

నేను కాలేజీల చదివే రోజుల్ల ఒకనాడు ఆలేరు స్టేషన్ల బండి కోసం చూస్తున్న. పక్కన ఒకామె ఒడిల కిరీటం పెట్టుకొని కొంగుతోని తుడుస్తాంది. నాటకాలల్ల రాణి వేషమేస్తదట.

"ఆటకెంతిస్తరక్కా?" అని అడిగిన.

"మొన్నటిదాంక ఒక మగాయన మీసం తీసి రాణి వేషమేస్తుండె. వచ్చిన పైసలల్ల ఆయనకు రెండు వాటాలు. నేనొస్తే, ఆడదానికి ఒక్కటి చాలన్నరు. లేచొచ్చిన."

"మరి ఇయ్యాల ఆటెట్ల?"

"గా ఫికర్ వాళ్లది, చెల్లే. కిరీటం నాది."

బండొచ్చింది. నేనెక్కిన, ఆమె ఎక్కలే. కిరీటం నెత్తిన పెట్టుకొని ఊరి తొవ్వ దిక్కు చూస్తాంది. గా తొవ్వల ఎవరో సైకిల్ గంట ఆపకుండ కొట్టుకుంట వస్తున్నరు.

తర్వాత ఏమైందో తెల్వదు. నాకు మొదటి నౌకరి దొరికిన నాడు మాత్రం, సంతకం పెట్టకముందే, గీ పనికి మగోళ్లకు ఎంతిస్తున్నరని అడిగిన.