రూతమ్మ గారి ఖాళీ ఫైలు

మొన్న శృంగవరపుకోట వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ చేతిరుమాలు మీద నాలుగు చుక్కలు నీలగిరి తైలం వేసుకుని ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆ ఘాటు తగలగానే సర్దుకుని నిటారుగా కూర్చున్నాను. నా వెనక ఎవరో నిలబడి నేనేం చేస్తున్నానో చూస్తున్నట్టనిపించింది. ఆసుపత్రిలో నాతో పనిచేసిన రూతమ్మ గారికి ఏసీ గాలి పడేది కాదు. పని చేసేదేమో సర్వర్ గదిలో. అందుకని ఏడాది పొడుగునా ఆవిడ కొంగు నీలగిరి తైలం వాసన వేసేది. ఆ రోజు నేను వెళ్తున్నది కూడా ఆవిడ జ్ఞాపకార్థ కూడికకే. అక్కడ పాస్టరు గారు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. లేచి, "ఆవిడ నాకు పని నేర్పారు" అన్నాను. ఏం పని అంటే ఎలా చెప్పాలో తోచక కూర్చుండిపోయాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

విజయనగరంలో ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగం మాది. విభాగం అంటే ఏదో అనుకునేరు, ఆవిడా నేనూ, అంతే. రోగుల రిపోర్టులన్నీ సర్వర్ అనే పెద్ద కంప్యూటర్లో ఉంటాయి. ఎవరు ఏది తెరవచ్చో, ఎవరు తెరవకూడదో దానికి ముందే చెప్పి ఉంచాలి. రక్తపరీక్షలు నర్సులు చూడొచ్చు, బయాప్సీ రిపోర్టులు డాక్టర్లే చూడాలి, బిల్లు కౌంటర్ వాళ్ళకి బిల్లులు చాలు. ఈ ఏర్పాటులో ఎక్కడ తేడా వచ్చినా తెర మీద "అనుమతి లేదు" అని పడుతుంది. ఆ మాట ఎవరికీ నచ్చదు, డాక్టర్లకి మరీను. వెంటనే మాకు ఫోను.

కొత్తలో నాకు కాస్త పొగరు ఉండేది. ఎవరికి ఏ ఫైలు తెరుచుకోకపోయినా నేను రూట్‌గా లోపలికి వెళ్ళి చూసేదాన్ని. రూట్ అంటే సర్వర్‌కి యజమాని లాంటి ఖాతా, దాన్ని ఆపే తలుపు ఉండదు, అక్కడినుంచి ఎవరి ఖాతాలోకైనా మారొచ్చు. ఒకసారి ఆడవాళ్ళ వార్డు నుంచి నర్సు ఫోన్ చేస్తే, "నాకు తెరుచుకుంటోంది కదా సిస్టర్, మీరే సరిగ్గా నొక్కట్లేదు" అని దబాయించాను. వెనక నుంచి నీలగిరి వాసన వచ్చింది.

"నువ్విప్పుడు ఎవలివి?" అన్నారు రూతమ్మ గారు.

"నూకరత్నాన్నండి."

"మనిషిని కాదే, మిషన్లో ఎవలివి?"

"రూట్‌నండి."

"రాజుగారు ఎల్తే కోట గుమ్మం ఎప్పుడూ తెరిసే ఉంటాది. కూరలమ్మి ఎల్లినప్పుడు కదా తెలుస్తాది, ఎవలు ఆపుతన్నారో. నర్సు లాగ లోపలికెల్లి సూడు."

నర్సు ఖాతాతో వెళ్ళి చూస్తే నాకూ "అనుమతి లేదు" అనే వచ్చింది. నేను ఫోన్ చేసి క్షమాపణ చెప్పేదాకా ఆవిడ కదల్లేదు. అప్పటినుంచి ఎవరు ఫోన్ చేసినా నా మొదటి ప్రశ్న ఒకటే, మీరు ఎవరిగా లోపలికి వెళ్ళారు అని.

ఆవిడకి ఇంకో అలవాటు ఉండేది. ఒక ఫోల్డర్ బాగుచేశాక అది తెరుచుకుంటోందో లేదో చూడటానికి నేనైతే చేతికందిన రిపోర్టు ఏదో ఒకటి తెరిచేదాన్ని. ఆవిడ తెరవనిచ్చేవారు కాదు. అక్షరం ముక్క లేని ఖాళీ ఫైలు ఒకటి తయారుచేసి, దానికి "పరీక్ష" అని పేరు పెట్టి, అది తెరిచేవారు. అది తెరుచుకుంటే తక్కినవీ తెరుచుకుంటాయి. నాకు ఇది చాదస్తంగా కనిపించేది. ఒకరోజు అనేశాను కూడా.

ఆవిడ నవ్వి, "మా అమ్మ కోటబొమ్మాళిలో మంత్రసాని" అన్నారు. "కులం, మతం లేకుండా అన్ని ఇళ్ళకీ పిలిసీవోరు. లోపలి గది దాకా ఎల్లీది. ఎవలింట్లో ఏటున్నాదని మేవడిగితే, మంచం ఒక్కటే సూసేనే, ఇంకేటీ సూళ్ళేదు అనీది. అందుకే మళ్ళీ మళ్ళీ పిలిసీవోరు. మన పనీ అదే. దారి సూడు, లోపలేటున్నాదో సూడకు."

వినడానికి బాగానే ఉంది కానీ, నాకు అది ఒంటబట్టింది మాత్రం మా అమ్మ వల్ల.

మాది సముద్రం ఒడ్డు ఊరు. అమ్మ చేపలమ్మేది. మా వైపు ఆడవాళ్ళలాగే దానికీ అడ్డపొగ అలవాటు. తెలియనివాళ్ళకి చెప్పాలి, అడ్డపొగ అంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. నెత్తిన గంప, చేతిలో సంచీ ఉన్నా హాయిగా కాల్చుకోవచ్చు, గాలికి ఆరదు, నుసి రాలదు. అమ్మ దాని సుగుణాలు అలాగే చెప్పేది. అంగిట్లో తెల్లటి మచ్చ లేచి, కారం తగిలితే మంట అంటుంటే బలవంతంగా మా ఆసుపత్రికి తీసుకొచ్చాను. డాక్టరు గారు చిన్న ముక్క తీసి బయాప్సీ పరీక్షకి పంపారు. ఫలితం వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. అమ్మ మాత్రం మజ్జిగలో కలుపుకుని తిని, వాకిట్లో కూర్చుని దర్జాగా చుట్ట వెలిగించేది. "వద్దే" అంటే, "పోయినోల్లందరూ సుట్ట కాల్సే పోయారేటి?" అనేది.

ఫలితం చెప్తామన్న రోజు పొద్దున్నే అమ్మని డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి నేను నా గదికి వచ్చాను. వచ్చేసరికి ఫోన్లు మోగుతున్నాయి. ఏ డాక్టరుకీ బయాప్సీ రిపోర్టులు తెరుచుకోవడం లేదు. మేనేజరు గారు స్వయంగా వచ్చి నిలబడ్డారు. మంచివారే, కానీ తొందర మనిషి.

"ఆ ఫోల్డర్ అందరికీ తెరిసీండి మేడమ్, గొడవొదిలిపోతాది" అన్నారు.

"అందరికీ అంటే బిల్లు కౌంటర్ కుర్రోడికి కూడానా బాబూ?"

"ఒక్క పూటే కదండీ."

"మన ఊర్లో కబురు పాకడానికి పూటెందుకు బాబూ? టీ తాగే టైము సాలు. తెరిసేస్తే ఎర్రర్ పోతాది. ఎర్రర్ పోవడం, బాగవడం రెండూ ఒకటి కాదు."

మేనేజరు గారు ఆలోచించి, "పోనీ మీకెలాగూ తెరుసుకుంటాది కదా, మీరే తెరిసి ప్రింట్లు తీసి కిందికి పంపీండి" అన్నారు. మాటలో తప్పేమీ లేదు. అప్పటికే నేను రూట్‌గా లోపల ఉన్నాను. తెర మీద ఫైళ్ళ వరస ఉంది. ఫైలు పేరంటే రోగి నంబరు. మా అమ్మ నంబరు నాకు నోటికొచ్చు. అది తెర మధ్యలో నా కళ్ళెదురుగానే ఉంది. ఒక్క మీట నొక్కితే తెలిసిపోతుంది. ప్రింటు తీసే నెపం కూడా దొరికింది.

"కాసేపు టైమియ్యి బాబూ" అని రూతమ్మ గారు ఆయనకి చెప్పి నా వెనక్కి వచ్చారు. "రూట్‌లోంచి బయటికి రా. డాక్టరు ఖాతాతో ఎల్లు."

"మా అమ్మది అందులో ఉందండి" అన్నాను.

"తెలుసు. నీ వల్ల కాకపోతే లెగిసిపో, నేను సేస్తాను, ఏటీ అనుకోను. కూచుంటే మాత్రం దారే సూడాల."

కూర్చున్నాను. లేచిపోతే బెంచీ దగ్గరికే వెళ్ళాలి, అక్కడ అమ్మ మొహం చూస్తూ ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు. రూట్‌లోంచి బయటికొచ్చాను. పని తెలిసిన పనే. రూట్‌గా ఉన్నప్పుడే చూశాను, ఫైళ్ళ మీద అనుమతులు సరిగ్గానే ఉన్నాయి. డాక్టర్లు చదవొచ్చని స్పష్టంగా ఉంది. మేమిద్దరం అక్కడే చూసి తలలు పట్టుకున్నాం. "పైనుంచి రా" అన్నారు ఆవిడ. ఫైలు ఒక ఫోల్డర్లో ఉంటుంది, అది ఇంకో ఫోల్డర్లో, అది మరో దాంట్లో. చివరి గది తలుపు బార్లా తెరిచి ఉన్నా, వీధి గుమ్మం నుంచి అక్కడిదాకా ప్రతి గదీ దాటనిస్తేనే కదా. ఒక్కొక్కటే చూసుకుంటూ దిగాను. మధ్యలో ఒక ఫోల్డర్ దగ్గర ఆగిపోయింది. ముందురోజు పాత డిస్కు నిండిపోయిందని రిపోర్టులు కొత్త డిస్కుకి మార్చినప్పుడు ఆ ఫోల్డర్ కొత్తగా పుట్టింది. పుట్టించింది రూట్ కనుక రూట్‌ని తప్ప ఎవరినీ దాటనివ్వడం లేదు.

"ఇది నా సేతి పనే" అన్నారు రూతమ్మ గారు. ముందురోజు మార్చింది ఆవిడే. వెంటనే మేనేజరు గారిని పిలిచి, తప్పు తనదేనని, దొరికిందని చెప్పారు. నేను ఒక్క నిమిషం రూట్‌గా వెళ్ళి ఆ ఫోల్డర్ దాటే అనుమతి డాక్టర్లకి మాత్రం ఇచ్చాను. ఇక తెరిచి చూడాలి. మళ్ళీ డాక్టరు ఖాతాలోకి వచ్చాను, ఆ వరసలో ఏ ఫైలు నొక్కినా పరీక్షించినట్టే లెక్క. నేనే ఆవిడ ఖాళీ ఫైలు ఎక్కడుందో వెతికి, దాన్ని నొక్కాను. తెల్లటి తెర వచ్చింది. కిందనుంచి డాక్టరు గారు ఫోన్ చేసి రిపోర్టులు వచ్చాయన్నారు.

"ఇంకెల్లు. మీ అమ్మ పక్కన కూచో" అన్నారు రూతమ్మ గారు.

డాక్టరు గారు అమ్మకే చెప్పారు. ఇది ఇంకా కాన్సర్ కాలేదని, కానీ అయ్యే దారిలో ఉందని, చుట్ట ఈ రోజే మానేయాలని. అమ్మ ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"నీకు ముందే తెలుసేటే?"

"తెల్దమ్మా, ఇప్పుడే నీతోపాటే వింటున్నాను."

నా మొహం కాసేపు పరిశీలించింది. "అయితే నిజమే సెప్తన్నాడు" అంది. నాకు అప్పటికి అర్థం కాలేదు. బస్టాండుకి వచ్చాక చెప్పింది. నేను ఆసుపత్రి మనిషిని కాబట్టి, జబ్బు ముదిరితే ముందే తెలుసుకుని, డాక్టరుతో మాట్లాడుకుని, తనకి తీపి కబురు చెప్పిస్తానని అనుకుందట. నా మొహంలో ఆ నాటకం కనబడలేదు కనుక నమ్మింది. నమ్మింది కనుక చుట్ట మానింది. రోజూ నన్ను తిడుతూనే మానింది. ఇవాళ్టికీ నిక్షేపంలా ఉంది.

రూతమ్మ గారు రిటైరయ్యాక శృంగవరపుకోటలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆవిడ కుర్చీ నాకిచ్చారు. పండక్కి ఫోను చేసుకునేవాళ్ళం. తర్వాత్తర్వాత ఆవిడ ఫోన్లో పొడిపొడిగా మాట్లాడటం మొదలెట్టారు. వయసు కదా అనుకున్నాను. ఒకరోజు క్యాంటీన్లో మా మందుల కౌంటర్ అమ్మాయి, "రూతమ్మ మేడమ్ గారికి బాగా సుస్తీ చేసిందంట కదా, చర్చిలో ప్రార్థన చేయించారు" అంది. అడిగితే తెలిసింది, ఏడాదిగా వైద్యం మా ఆసుపత్రిలోనే. అంటే ఆవిడ రిపోర్టులు ఏడాదిగా నా చేతి కిందే ఉన్నాయి. ఆ ఫోల్డర్లో చిక్కులు వస్తే ఎన్నోసార్లు బాగుచేశాను కూడా. నాకు కోపం వచ్చింది. ఆవిడ మీదో, ఆవిడ నేర్పిన పని మీదో చెప్పలేను. మొదటి బస్సు పట్టుకుని వెళ్ళాను.

మంచం మీద సన్నగా అయిపోయి ఉన్నారు. దిండు పక్కన తైలం సీసా. "ఏటే రత్నం, ఇన్నాళ్ళకి దారి తెలిసిందేటి?" అన్నారు.

"ఏడాది నుంచి మా దగ్గరికే వస్తూ ఒక్కసారి మెట్లెక్కి పైకి రాలేదేమండీ?" అని గట్టిగానే అడిగేశాను.

"వొచ్చినప్పుడల్లా కింద బెంచీ మీద కూచుని మెట్ల వైపు సూసీదాన్ని. నా రిపోర్టులు నీ దగ్గరే ఉన్నాయి కదా, సూసి దిగొస్తాదేమోనని. నువ్వు రాకపోతే, పిల్ల సూళ్ళేదు అనుకునీదాన్ని. సంతోషవేసీది." ఊపిరి తీసుకుని, "కొంచెం ఏడుపూ వొచ్చీది" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వేడుస్తావెందుకే? అది నా కబురు, నేను సెప్పాల. నాకే నోరు రాలేదు." ఆ తర్వాత ఆవిడ ఎక్కువ రోజులు లేరు.

కూడిక అయి తిరిగి వస్తుంటే బస్సులోనే ఆసుపత్రి నుంచి ఫోను, ఎవరో కొత్త డాక్టరు గారికి బయాప్సీ రిపోర్టులు తెరుచుకోవడం లేదని. వెళ్ళి ఆయన ఖాతాతో లోపలికి వెళ్ళాను, పైనుంచి దిగాను, చూస్తే ఆయన పేరు డాక్టర్ల జాబితాలో ఎక్కలేదు. ఎక్కించాను. తెరుచుకుంటోందో లేదో చూడాలి. "పరీక్ష" అనే ఫైలు ఇంకా అక్కడే ఉంది, దాని యజమాని పేరు దగ్గర ఇప్పటికీ రూతమ్మ గారి పేరే ఉంది. ఆవిడ రిపోర్టులూ ఆ ఫోల్డర్లోనే ఉన్నాయి. ఆవిడ బెంచీ మీద కూర్చుని నా కోసం చూసిన రోజులేవో వాటి మీది తేదీలు చెప్తాయి. ఇప్పుడు చూసినా వద్దనేవాళ్ళు లేరు. ఖాళీ ఫైలు తెరిచి, డాక్టరు గారికి అయిపోయిందని చెప్పాను.