జ్ఞానప్రసూన పార్టీ సభ్యత్వం

అమెరికా పౌరసత్వ దరఖాస్తులో ఒక ప్రశ్న దగ్గర జ్ఞానప్రసూన మూడు వారాలు ఆగిపోయింది. మీరు ఎప్పుడైనా కమ్యూనిస్టు పార్టీ సభ్యులుగా ఉన్నారా? అవును, కాదు. రెండే గడులు.

ఆమె పిస్కాటవేలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసే యాభై ఎనిమిదేళ్ల మనిషి. పార్టీ మీటింగుకి జన్మలో వెళ్లలేదు. అయితే 1984లో ఖమ్మం నుంచి మాస్కోకి కెమిస్ట్రీ చదవడానికి వెళ్లింది మాత్రం పార్టీ సిఫార్సు ఉత్తరంతోనే. రాసింది నాన్న స్నేహితుడు. ఉత్త "కామ్రేడ్ గారి అమ్మాయి" అంటే సీటు రాదేమోనని "పార్టీ సభ్యురాలు" అని ఒక మాట తగిలించాడు. మన సిఫార్సులన్నీ అంతే, పెళ్లి సంబంధంలో అబ్బాయి ఎత్తు రెండంగుళాలు పెంచినట్టు. పన్నెండేళ్ల కిందట గ్రీన్‌కార్డు ఫారంలో ఇదే ప్రశ్నకి ఆమె "కాదు" అని పెట్టింది. ఉత్తరం సంగతి గుర్తే లేదు. ఇప్పుడు డిగ్రీ కాగితాల కోసం పెట్టె తెరిస్తే దాని నకలు, ముద్రతో సహా, బయటపడింది.

"నో కొట్టెయ్ మమ్మీ," అంది కూతురు హాసిని. "యూ వర్ నాట్ ఈవెన్ ఎ రియల్ మెంబర్."

"కాగితం మీద ఉన్నానే."

"ఫార్టీ ఇయర్స్ అయింది! ఎవరు చూస్తారు?"

"నీకు తెలీదు. కాగితం ఎక్కడికీ పోదు."

ఎవరో ఎక్కడో రాసి పెట్టుకునే ఉంటారన్న ఈ భయం ఆమెకి మాస్కోలో పట్టుకుంది. అక్కడి మొదటి చలికాలంలోనే ఎన్నికలొచ్చాయి. హాస్టల్ హాల్లో బ్యాండు మేళం, మామూలు రోజుల్లో దొరకని నారింజపళ్లు. ఓటు పత్రం మీద ఒకే పేరు. మడిచి పెట్టెలో వేస్తే ఓటు పడినట్టే. పేరు కొట్టెయ్యాలంటే తెర వెనక్కి వెళ్లాలి. తెర ఉంది, లోపల పెన్సిలూ ఉంది. ఎవరు వెళ్తున్నారో చూడ్డానికి బల్ల దగ్గర ఇద్దరు మనుషులూ ఉన్నారు. ఆఖరి సంవత్సరం చదువుతున్న రూమ్మేట్ గాల్యా వెళ్లింది. నెల తిరక్కుండా ఆమెకి ఖాయమైన పరిశోధన సీటు ఇంకొకరికి పోయింది. ఆర్డరు మీద డీన్ సంతకం. ఆయన్ని అడిగితే పైకప్పు కేసి చూశాడు. నిర్ణయం వరండా చివరి గదిలో కూర్చునే పార్టీ కార్యదర్శిది. ఆయన దేని మీదా సంతకం పెట్టడు కనక ఆయన మీద ఫిర్యాదు చేసే చోటు కూడా లేదు. మంత్రిత్వశాఖ నుంచి సబ్బుల ఫ్యాక్టరీ దాకా అదే ఏర్పాటు: కుర్చీ ప్రభుత్వానిది, అందులో ఎవరు కూర్చోవాలన్న జాబితా పార్టీది. శ్రామిక రాజ్యమని మురిసిపోయిన మన పెద్దలు ఈ చివరి గది గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

లాయర్ రేణు ఫోన్లో ఓదార్పు కబుర్లేమీ చెప్పలేదు. "ఆంటీ, మెంబర్‌షిప్ చాలా పాతది, అది ఇష్యూ కాదు. లాస్ట్ టైమ్ నో అన్నారు చూడండి, అదే ఇష్యూ. యెస్ అంటే మీ గ్రీన్‌కార్డ్ ఫైల్ కూడా మళ్లీ తీయొచ్చు. నో అనమని మాత్రం నేను చెప్పలేను."

చివరికి ఆ గడి ఖాళీగానే దరఖాస్తు వెళ్లింది. ఇంటర్వ్యూ రోజు నిజమే చెబుతానని ప్రమాణం చేయించాక ఆఫీసరు ఆ ప్రశ్నే చదివాడు. "నో" పెదవుల దాకా వచ్చింది.

"అవును. ఒక ఉత్తరంలో," అంది, నకలు బల్ల మీద పెడుతూ.

అతను టైపింగ్ ఆపాడు. "ఆ పార్టీ కోసం ఏం చేశారు?"

"కెమిస్ట్రీ చదివాను."

అతను నవ్వలేదు. చాలాసేపు ఏదో టైపు చేశాడు. నిర్ణయం ఇప్పుడు చెప్పలేమని, పోస్టులో వస్తుందని ఒక కాగితం చేతిలో పెట్టాడు. ఎన్నాళ్లు పడుతుందని అడిగితే తనకీ తెలీదన్నాడు.

కార్లో హాసిని ఆ కాగితం రెండుసార్లు చదివింది. "వై, మమ్మీ? వెనక్కి పంపించేస్తే?"

"ఏమో. నో అందామనే కూర్చున్నా. ఈ ఉత్తరం వాళ్ల దగ్గర కూడా ఉందేమోనని భయమేసింది."

"అందుకని యెస్ చెప్పేశావా? దట్స్ క్రేజీ!"

"కారు తియ్యవే." సీట్‌బెల్ట్ పెట్టుకోబోతే కొక్కెం పడలేదు. హాసిని వంగి పెట్టింది. "ఒక పని చెయ్. రేపట్నుంచి మెయిల్‌బాక్స్ నువ్వే తియ్. నా వల్ల కాదు."