మావయ్య ఐస్ పెట్టెలో పెట్టిన బ్యాటరీ

మావయ్య పోయాడన్న కబురు కృత్తివెన్ను నుంచి వచ్చినప్పుడు నేను ఏడవలేదట. ఫోన్ ఇంకా అమ్మ చెవి దగ్గర ఉండగానే, ఇంటి పక్క సందులో నిలబెట్టిన ఆయన వ్యాన్ దగ్గరికి పరుగెత్తానట. మా వాళ్ళ దృష్టిలో నేను చేసిన నేరం అది. "మనిషిని ఇంకా సాగనంపనేలేదు, దీని కళ్ళు అప్పుడే బండి మీద పడ్డయ్యి" అని చావింట్లో ఎవరో అన్నారు.

పరుగెత్తిన మాట నిజం. ముందురోజు సాయంత్రం మావయ్య బందరు వచ్చి, వ్యాన్‌లోని బ్యాటరీకి మా ఇంటి కరెంటుతో చార్జింగ్ పెట్టి, "పొద్దున్నే వచ్చి నేనే తీస్తాలే" అని అమ్మతో చెప్పి వెళ్ళాడు. తెల్లారి రొయ్యల చెరువు గట్టు మీద, తూకం వేయిస్తూనే, గుండె ఆగి కూలిపోయాడు. కబురు వినగానే నాకు తోచింది ఒక్కటే. వైరు తీసే మనిషి ఇక రాడు. ఆ సందులోకే అమ్మమ్మ గది కిటికీ తెరుచుకుంటుంది.

ఆయన మా అమ్మకి తమ్ముడు. చేపల్నీ రొయ్యల్నీ ఐస్‌లో ప్యాక్ చేయించి లారీలకి ఎక్కించడం ఆయన పని. థర్మాకోల్ పెట్టెలో ఒక వరస ఐసు, ఒక వరస సరుకు, మళ్ళీ ఐసు. మూత పెట్టాక అంచు చుట్టూ వేలితో తడిమి చూసి, టేపు బిగించి, నిద్రపోతున్న బిడ్డని జోకొట్టినట్టు పెట్టెని తట్టేవాడు. ఆ అలవాటు ఇంటికీ వచ్చేది. మా వంటింట్లో ఏ గిన్నె మీద మూత వంకరగా ఉన్నా సరిచేయకుండా కూర్చునేవాడు కాదు. ఫ్రిజ్ తలుపు తీసి నిలబడితే గుమ్మంలోంచే కేకేసేవాడు: "ముయ్యవే తల్లీ, చలంతా పారిపోద్ది!" ఆయనకి చలి ప్రాణమున్న జీవి. వేడి దొంగ. "సందు దొరికిందా, దూరిపోద్ది" అనేవాడు.

నా చిన్నప్పుడు వేసవిలో కరెంటు పోతే, లారీలకెక్కగా మిగిలిన ఐస్ పెట్టెని మా వరండాలో దించి, మూత తీసి, "పెట్టండర్రా కాళ్ళు" అనేవాడు. చేపల వాసన కొట్టే ఆ నీళ్ళలో పాదాలు తిమ్మిరెక్కేదాకా కూర్చునేవాళ్ళం. అమ్మ ముక్కు మూసుకుని తిట్టేది. ఆయన నవ్వేవాడు.

డిగ్రీ అయ్యాక నేను ఏ ఉద్యోగంలోనూ కుదురుగా లేను. ఇంట్లో దానికి రకరకాల పేర్లు పెట్టారు. మావయ్య మాత్రం, "దాని కాళ్ళకి చక్రాలున్నయ్యక్కా. ఉంటే ఉన్నయ్యి, గాలి కొట్టిద్దాం" అన్నాడు. అన్నట్టే ఒక పాత వ్యాన్ కొనుక్కొచ్చాడు. "ఇన్నాళ్ళూ నా చేపలే ఊళ్ళు తిరిగినయ్యి, నేను తిరగలా. దీంట్లో మంచం, ఫ్యాను, చిన్న ఫ్రిజ్జు పెడదాం. ముందు హంసలదీవి పోయి సముద్రం ఒడ్డున పడుకుందాం. తర్వాత నీ ఇష్టం, నువ్వే తోలుకో" అన్నాడు. మంచం ఆయనే కొట్టాడు. వైరింగ్ నేను చేశాను. ఒక పెద్దమనిషి నా మాట విని స్విచ్చి ఎక్కడ పెట్టాలో మార్చుకోవడం నాకు అదే మొదటిసారి.

ఆ ఫ్యానుకీ ఫ్రిజ్జుకీ కరెంటిచ్చే బ్యాటరీ దగ్గరే పేచీ వచ్చింది. గుడివాడలో ఒక షాపుకి వెళ్ళాం. నాకు కావలసింది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. బరువు కాస్త ఎక్కువైనా అంత తేలిగ్గా మంటకి లొంగదు, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. సెల్స్ వేడెక్కితే చార్జింగ్ దానంతటదే ఆపేసే బోర్డు ఉందా, సెల్స్ కొత్తవేనా, పరీక్ష చేసిన కాగితం ఏది అని అడుగుతూ పోయాను.

"ఏంటండీ మీ మేనకోడలు, పెళ్ళికొడుకు జాతకం అడిగినట్టు అడుగుతుంది?" అన్నాడు షాపతను.

"జాతకం బాగుంటే చెప్పు, తాంబూలాలు ఇప్పుడే పుచ్చుకుందాం" అన్నాడు మావయ్య.

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులోనే అతను బల్ల కిందనుంచి ఇంకో ప్యాక్ తీశాడు. పాడైపోయిన ఎలక్ట్రిక్ స్కూటర్లోంచి విప్పింది. వేరే రకం లిథియం, సంచుల్లాంటి సెల్స్, పైన నీలం కవరు. "మన వాతావరణానికి ఇదే బెస్టండీ" అన్నాడు. నేను వద్దన్నాను. మరుసటి వారం మావయ్య ఒక్కడే వెళ్ళి దాన్నే తెచ్చాడు. నన్ను ఆశ్చర్యపరుద్దామని.

తెచ్చి, ఆయన చేయగలిగినంత ప్రేమగా దాచాడు. కొత్త థర్మాకోల్ పెట్టెలో పెట్టి, చుట్టూ ముక్కలు కూరి, మూతేసి, టేపు బిగించి, తట్టాడు.

"మావయ్యా, తియ్యి అందులోంచి" అన్నాను.

"ఏం? బందరు ఉప్పుగాలికి ఇనప గేట్లే రాలిపోతున్నయ్యి, ఇదెంత? పైగా ఎండ."

"ఐస్ పెట్టె బయటి వేడిని లోపలికి రానివ్వదు, నిజమే. కానీ ఇది ఐసు కాదు. వేడి పుట్టేదే దీని కడుపులో. ఆ వేడి బయటికి ఎటు పోద్ది?"

ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. తర్వాత, "నా పెట్టెలో పెట్టింది ఏదీ ఇంతవరకు పాడవలేదే" అన్నాడు. ఆ మాట పొగరుతో అన్నది కాదు. జీవితమంతా చలిని కాపాడిన మనిషికి, లోపలి నుంచి కాలే వస్తువు ఒకటి ఉంటుందంటే నమ్మకం కుదరలేదు.

కొన్నాళ్ళకి ఆ మూత ఓ పక్క లేచింది. టేపు వదులైందనుకుని ఇంకో చుట్టు వేశాడు. మళ్ళీ లేచింది. పైన ఇటుక పెట్టాడు. వ్యాన్ తలుపు తీస్తే గోళ్ళరంగు సీసా విప్పినట్టు తియ్యటి వాసన. రొయ్య చెడిందో లేదో వాకిట్లో ఉండగానే ముక్కుతో చెప్పగల మనిషి, "పెయింటు వాసనలేవే, కొత్త మంచం కదా" అన్నాడు. ఆ ఆఖరి సాయంత్రం చార్జింగ్ పెట్టినప్పుడు నేను ఇంట్లో లేను, తిరిగొచ్చేసరికి తెల్లారింది.

ఆ పొద్దున వైరు పీకి మూత తీశాను. నీలం కవరు చిట్లి, సెల్స్ పూరీల్లా పొంగి ఉన్నాయి. ఆ తియ్యటి వాసన వాటిదే. చేయి దగ్గరికి తీసుకెళ్తే వెచ్చగా తగిలింది. అమ్మమ్మని ముందుగదిలోకి మార్చాకే కృత్తివెన్ను బయల్దేరాను. ఆలస్యంగా వచ్చానని కూడా అన్నారు.

అత్తయ్య అస్థికల కుండ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "హంసలదీవికి ఆ బండిలోనే తీసుకెళ్దామే. అంత ఆశ పెట్టుకున్నాడు" అంది.

"తీసుకెళ్దాం అత్తయ్యా. ముందు ఆ బ్యాటరీ తీసేస్తాను."

ఆవిడ మొహం మారింది. "ఆయన ఆఖరుసారి ముట్టుకున్న వస్తువే అది. నీకెట్టా మనసొప్పుద్ది?"

"వైరు పీకేశావుగా, ఇంకేం చేస్తది?" అంది అమ్మ.

"వైరు పీకితే ఆగేది కాదమ్మా. లోపల మొదలైంది."

"అన్నీ నీకే తెలుసు" అంది అమ్మ. అత్తయ్య కుండని చీరచెంగుతో కప్పుకుంది. ఆ కప్పుకోవడం నన్ను బాధపెట్టింది. అయినా మర్నాడు పొద్దున, ముట్టుకున్నా వెచ్చగా తగలని వేళ చూసుకుని, మందపాటి గ్లౌజులు వేసుకుని, చెక్క మీదకి మెల్లగా జరిపి, ఆ ప్యాక్‌ని వీధి చివర ఖాళీ స్థలంలో ఇసుకగుట్టలో కప్పేశాను. చుట్టూ రాళ్ళు పేర్చాను. వీధంతా చూసింది. అత్తయ్య కారు మాట్లాడుకుని అస్థికలతో హంసలదీవి వెళ్ళింది. నన్ను రమ్మనలేదు.

ఆ మధ్యాహ్నం సన్నగా చినుకు పడింది. తగ్గాక అమ్మ, నేను వీధి చివరికి నడిచాం. ఇసుకంతా తడిసి నల్లగా ఉంది. గుట్ట మధ్యలో, ప్యాక్ ఉన్న చోట మాత్రం అరచేయంత మేర పొడిగా, తెల్లగా ఉంది. మేం చూస్తుండగానే ఆ తెలుపు అంచు కాస్త ముందుకు జరిగింది. అమ్మ నా చేయి పట్టుకుని వెనక్కి లాగింది.

పాత బ్యాటరీలు తీసుకునేవాళ్ళకి చెప్పాను, వాళ్ళు వచ్చేదాకా అటు ఎవరినీ పోనివ్వను. వ్యాన్ ఎవరికీ ఇవ్వను. మొదట నేను అడిగిన రకం బ్యాటరీనే, గాలి ఆడే చోట, మూత లేకుండా పెడతాను. పెట్టాక నేనే తోలుకుంటూ వెళ్తాను.