శుక్రవారం నాలుగు నుంచి ఆరుంబావు దాకా

శనివారం పొద్దున స్నానం చేయిస్తూ కోడలు కేక వేసింది. ఐదేళ్ల మనవరాలు ఎడమ చెయ్యి పైకెత్తడం లేదు. మణికట్టుకు పైన ఉబ్బి ఉంది.

"అత్తా, పాప యాడ పడింది?"

"పడలేదే. పడితే ఏడవదా? నేను ఈడనే ఉంటి కదా," అన్నాను.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. కోడలు ఉద్యోగం నుంచి వచ్చేదాకా పాప నా దగ్గరే ఉంటుంది. బడి నుంచి ఎన్నింటికి వచ్చింది, ఏం తిన్నది, ఎన్నిసార్లు దగ్గింది, అన్నీ నోటుపుస్తకంలో రాస్తాను. టీకా ఎప్పుడు వేయించామన్నా, గ్యాసుబండ ఎప్పుడు మార్చామన్నా ఇంట్లో అందరూ నా వైపే చూస్తారు. ఏడుపు వినపడలేదు కాబట్టి పడలేదు. నా లెక్క అంతే.

తిరుపతిలో తొమ్మిదీ పదికి పుత్తూరు బస్సెక్కాం. ఎముక విరిగితే నాటుకట్టు కోసం మావాళ్లు ముందు పోయేది అక్కడికే. ఎక్స్‌రే కూడా తీయించలేదు. ప్రతి కుదుపుకీ పాప కెవ్వుమంటుంటే రేణిగుంట రాకముందే నా ఫోను దాని ఒళ్లో పెట్టాను. ఏడుపు ఠక్కున ఆగింది.

"సూసినావా, పెద్ద దెబ్బేం కాదులే," అన్నాను.

కట్టు కట్టే పెద్దాయన ముందు బల్ల మీద పాపను కూర్చోబెట్టాం. పక్కన పసరు గిన్నె, కోడిగుడ్లు, వెదురు బద్దలు. ఆయన మణికట్టు దగ్గర నొక్కాడు. పాప ఫోను చూస్తోంది. ఇంకొంచెం పైన నొక్కాడు. ఫోనులో పిల్లి గిన్నెలో పడింది, పాప నవ్వింది. ఆయన వేళ్లు ఆగిపోయాయి.

"ఏందమ్మా ఇది, ఈ పాపకు నొప్పి తెలీదా? నేను సూసేది చెయ్యి కాదు, మొగం. ఎముక యాడ కదిలిండాదో అదే చెప్పాల. ఆ ఫోను తియ్యండి."

"తీస్తే చెయ్యి విదిలిస్తాదయ్యా," అంది కోడలు భయంగా.

"తియ్యకపోతే తప్పు తావులో కడతా. వంకరగా అతుక్కుంటే మళ్లా నన్నే తిడతారు."

నేనే లాగాను. పాప ఫోను కోసం రెండు చేతులూ చాచింది, దెబ్బ తగిలిన చెయ్యి కూడా. అప్పుడు వచ్చింది అరుపు. బయట వరుసలో ఉన్నవాళ్లు తలలు తిప్పారు. కోడలు దాని భుజాలు అదిమి పట్టింది. ఆయన పాప ముఖంలోకే చూస్తూ వేళ్లు జరిపి జరిపి ఒకచోట నిలిపాడు.

"ఈడ. ఎప్పుడు పడిందమ్మా?"

"మా అత్తనడగండి. గంటా నిమిషంతో రాసిపెట్టింటాది."

సంచిలోంచి పుస్తకం తీశాను. శుక్రవారం. మూడూ నలభై, బడి నుంచి వచ్చింది. నాలుగు, పాలు తాగింది. ఆ తర్వాత ఆరుంబావు, కోడలు వచ్చింది. మధ్యలో రెండు గంటల పదిహేను నిమిషాలు ఒక్క అక్షరం లేదు. వెనక్కి తిప్పాను. గురువారమూ అంతే. బుధవారమూ అంతే. పాలు ఇచ్చాక వంటల వీడియో ఒకటి చూద్దామని ఫోను తీస్తాను. వేలితో పైకి తోసేకొద్దీ ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి.

"రాయలేదు," అన్నాను.

పాపే వెక్కుతూ చెప్పింది: "నిన్న. మంచం మీద నించి పడినా. అవ్వ ఫోన్లో సూసి నవ్వతా ఉన్నింది. అవ్వా అని పిలిస్తే ఇటు సూడకుండానే టీవీలో బొమ్మలు పెట్టింది."

పెద్దాయన నా వైపు చూడలేదు. పసరులో గుడ్డ ముంచుతూ అన్నాడు. "నిన్నటిదే అయితే కుదురుకుంటాదిలే. ఇంకో పది దినాలు ఇట్టే బొమ్మలు సూస్తా కూసోనుంటే నా చేతిలో ఏమీ ఉండేది కాదు. పోయి ఒక ఎక్స్‌రే తీయించి నాకు సూపీండి."

బద్దలు పెట్టి బిగిస్తున్నంతసేపూ పాప "అమ్మా, అమ్మా" అనే అరిచింది. అవ్వా అని ఒక్కసారి కూడా అనలేదు.

తిరుగు బస్సులో నిద్రపోయింది. కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"సోమవారం నించి బడి అయినాక పాపను ఎదురింటామె దగ్గర ఇడుస్తా అత్తా. ఇందాకే ఆమెకు ఫోన్ చేసి చెప్పినా."

"కట్టు ఇప్పేదాకానా?"

కోడలు కట్టు కట్టిన పాప చేతిని తన ఒళ్లో సరిగ్గా పెట్టుకుంది. నేను పుస్తకం తీసి శుక్రవారం కింద ‘పాప పడింది’ అని రాశాను.